సైరన్‌కి లేవని కెప్టెన్

మా ఇంటావంటా మొదటి డిగ్రీ నాది. ఆ డిగ్రీతో నేను చేసిన మొదటి పని ఒక సినిమాని చెడగొట్టడం. మా కిరందుల్ ఇనప గనుల టౌన్‌షిప్‌లో ఈ మాట ఇప్పటికీ అంటారు. క్యాంటీన్ రమణమ్మ పిన్ని అయితే నా మొహం మీదే అంటుంది: "నువ్వు ఇంటర్‌తో ఆపీసుంటే మాకు ఇంత నష్టం రాకపోను." జరిగింది జరిగినట్టు రాయడం ఒక్కటే చెయ్యగలను.

ముందు మొదటి సినిమా సంగతి చెప్పాలి.

తొంభై నాలుగులో సత్యమూర్తి పెదనాన్న ‘కుజుడి మీద ఆరుగురు’ అని ఒక సినిమా తీశాడు. ఆయన మాకు రక్తసంబంధం కాదు. మా పక్క క్వార్టర్, మా విజయనగరం వైపు మనిషి, నాన్నకంటే పెద్ద, అందుకని పెదనాన్న. ఖనిజాన్ని కొండ మీంచి కిందికి దింపే బెల్టు దగ్గర మెకానిక్. సెలవు రోజుల్లో పెళ్ళిళ్ళకి వీడియో తీసేవాడు. పెళ్ళిళ్ళలో మిగిలిపోయిన కేసెట్ల మీదే ఈ సినిమా తీశాడు. అందుకే రాకెట్టు కుజుడి మీద దిగే ముందు అర నిమిషం ఎవరివో అప్పగింతలు వస్తాయి. పెళ్ళికూతురు ఏడుస్తూ ఉంటుంది, రాకెట్టు దిగుతుంది. రాకెట్టు దిగినందుకు ఏడుస్తోందనే అనుకోవాలి.

కుజగ్రహానికి సెట్టు అక్కర్లేకపోయింది. మా దగ్గర కొండ ఎరుపు, రోడ్డు ఎరుపు, పొద్దున్న ఆరేసిన తెల్ల బనీను సాయంత్రానికి ఎరుపు. కొండ కింద మట్టి పోసే చోట కెమెరా పెట్టి "ఇదే కుజుడు" అన్నాడు, అయిపోయింది. వ్యోమగాముల టోపీలు మా హెల్మెట్లే. రాకెట్టు లోపలి గది, పాత ఇనప సామాన్లలో పారేసిన పెద్ద కరెంటు స్విచ్చుల పెట్టె, మా మాటలో పేనలు. దాని మీద పుర్రె బొమ్మ, కింద హిందీలో ‘ఖత్రా’ అన్న బోర్డు ఊడదీయడం మరిచిపోయారు. కాబట్టి ఆ ఆరుగురూ ఒక పుర్రె బొమ్మ కింద కూచుని, గ్లాసులో టీ తాగుతూ, అంతరిక్షంలో పోతూ ఉంటారు.

ఆరుగురు అన్నాను గానీ తెర మీద ఎప్పుడూ ఐదుగురే కనిపిస్తారు. అందరూ షిఫ్టు డ్యూటీ వాళ్ళు. ఏ రోజు షూటింగు పెట్టినా ఎవడో ఒకడు డ్యూటీలో ఉంటాడు. పైగా ఆ లేనివాడు సీను సీనుకీ మారతాడు.

కెప్టెన్ మా నాన్న, గొర్లె సన్యాసిరావు. రాళ్ళు పేల్చే బ్లాస్టింగ్ గ్యాంగులో హెల్పరు. సినిమా చివర్లో కుజుడి మీద కెప్టెన్ ప్రాణం వదులుతాడు. మిగతావాళ్ళు చుట్టూ నిలబడి, టోపీలు తీసి, ఒక్కొక్కరూ తలో మాటా చెప్పాలి. రెండోవాడు "కెప్టెన్! నీ త్యాగం భూలోకం మరవదు" అంటూ ఉండగా పైన గనిలో సైరన్ పడింది. మధ్యాహ్నం పేలుడు ముందు రోజూ కొట్టే సైరన్. షూటింగు జరుగుతున్న చోటికి రాయి రాదు, అక్కడ ఏ ప్రమాదమూ లేదు. ఆ సంగతి అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. అయినా ఏళ్ళ తరబడి ఆ మోత వింటే పరిగెత్తిన కాళ్ళు అవి. భూలోకం వాళ్ళు పరిగెత్తారు, ఆకుపచ్చ రంగు పూసుకున్న కుజలోకం వాళ్ళు పరిగెత్తారు, చచ్చిపోయిన కెప్టెన్ లేచి, ఒక చేత్తో హెల్మెట్ అదిమి పట్టుకుని అందరికంటే ముందు పరిగెత్తాడు. కెమెరా కూడా పరిగెత్తింది. కాసేపు ఆకాశం, కాసేపు పెదనాన్న చెప్పులు. తర్వాత మళ్ళీ కెప్టెన్ చచ్చిపోయి ఉంటాడు, ఈసారి ఇంకోవైపు తల పెట్టి.

మళ్ళీ తియ్యడానికి కేసెట్టు లేదు. "పైన సంగీతం వేసేస్తే ఎవరికీ తెలీదు" అనుకున్నాడు పెదనాన్న.

అందరికీ తెలిసింది. తొమ్మిదేళ్ళ పాటు దసరాకి, కంపెనీ దినోత్సవానికి, ఎవరింట్లో సత్యనారాయణ వ్రతమైనా భోజనాలయ్యాక, ఆ సినిమా వేసుకునేవాళ్ళు. చూడ్డానికి ఒక పద్ధతి ఏర్పడింది. నెత్తి మీద స్టీలు గిన్నె మూత పెట్టుకుని కూచోవాలి. పుర్రె బోర్డు కనపడగానే అందరూ "ఖత్రా!" అనాలి. వ్యోమగాములు దిగేటప్పుడు లెక్కపెట్టాలి. ఐదు దగ్గర ఆగి, డంపర్ డ్రైవర్ బంగారినాయుడు "ఆరోవోడేడ్రా?" అని అరుస్తాడు. హాలంతా "బి షిఫ్టూ!" అంటుంది. హెల్మెట్ తియ్యకుండానే కెప్టెన్ టీ తాగితే "ఆక్సిజనేదీ?" అని ఒకరు, "టీలోనే కలిపీసినారు" అని ఇంకొకరు. ఇక సైరన్ సీనుకి కింద కూచున్నవాళ్ళు కూడా నోటితో సైరన్ కూస్తారు. కెప్టెన్ లేవగానే పెంకులెగిరిపోయేలా ఈలలు.

దీన్ని వెటకారం అనొచ్చు, వెటకారమే. కానీ ఒక్క మాట. పెద్ద సినిమాల్లో మా యాస ఎవరు మాట్లాడతారు? వంటవాడు, లేదా దొంగకోళ్ళు పట్టేవాడు. ఈ సినిమాలో కెప్టెన్ మాట్లాడతాడు. "ఒరే, ఇది కుజుడేటి, మన డంపింగ్ యార్డులా ఉంది?" అని రాసిచ్చిన డైలాగే ఆయన సొంత డైలాగులా అన్నాడు. అందుకే తొమ్మిదేళ్ళు చూశారు.

అమ్మ కూడా చూసేది. అమ్మ పేరు చిన్నమ్మి. సినిమా అంతా పక్కవాళ్ళతో కబుర్లాడుతూనే ఉండేది గానీ, సైరన్ పడి నాన్న లేచినప్పుడు మాత్రం ప్రతిసారీ "అమ్మయ్య" అనేది. మేమంతా నవ్వేవాళ్ళం. ఆ "అమ్మయ్య" కూడా సినిమాలో ఒక భాగమైపోయింది. పక్క వీధివాళ్ళు కూడా కలిసి అనేవారు.

దాని వెనక ఒక సంగతుంది. అది కూడా మా వీధిలో నవ్వుకోడానికే చెప్పుకుంటారు. నా చిన్నప్పుడు ఒకరోజు సైరన్ కొట్టాక గ్యాంగులో అందరూ షెల్టరుకి వచ్చారు, నాన్న రాలేదు. పేలుడు ఆపి వెతికారు. తీరా చూస్తే, మరిచిపోయిన క్యారేజీ కోసం వెనక్కెళ్ళి, ఆకలేసి అక్కడే విప్పుకుని తింటున్నాడు. వంకాయ కూర. కానీ "సైరన్ పడింది, సన్యాసిరావు రాలేదు" అన్న కబురు షిఫ్టు బస్సులో కిందికి ముందే వచ్చేసింది. తింటున్నాడన్న కబురు రెండు గంటల తర్వాత వచ్చింది. ఆ రెండు గంటలూ అమ్మ మెట్ల మీద కూచుని ఉంది. ఈ కథ అందరూ చెబుతారు. అమ్మ చెప్పదు.

రెండు వేల మూడులో పెదనాన్న రెండో భాగం మొదలుపెట్టాడు. అప్పటికి రాష్ట్రం రెండై, మేం కదలకుండానే మధ్యప్రదేశ్ నుంచి ఛత్తీస్‌గఢ్‌కి వచ్చేశాం. నేను జగదల్‌పూర్‌లో హిందీ మీడియంలో బి.ఎస్సి. పూర్తి చేసి, ఒక ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతున్నాను. ఒక సాయంత్రం పెదనాన్న వచ్చి, నాన్నతో కాకుండా నాతో మాట్లాడాలన్నాడు. మా ఇంట్లో అది మొదటిసారి. అమ్మ కుర్చీ తుడిచి వేసింది, ఆయనకి కాదు, నాకు.

"పైడితల్లీ," అన్నాడు, "వచ్చే నెలాఖరుకి నా రిటైర్మెంటు. క్వార్టర్ ఖాళీ చేసి వెళ్ళిపోతాను. ఈలోగా రెండోది తీసి చూపించాలి."

"తియ్యండి పెదనాన్నా. జనం ఎదురుచూస్తన్నారు కదా."

"ఎందుకు ఎదురుచూస్తన్నారో నాకు తెలీదేటి? నవ్వడానికి. తొమ్మిదేళ్ళు నవ్వించాను. నవ్వించాలని తియ్యలేదమ్మా. కెప్టెన్ పోయిన సీను నాను రాసింది మా నాన్న పోయిన రాత్రి గుర్తొచ్చి. ఈసారి ఆ సీనులో ఒక్కరు ఏడవాలి. ఊరంతా ఏడవమనను. ఒక్కరు. అది చూసి రైలెక్కీస్తాను."

"కెప్టెన్ మొదటి భాగంలోనే పోయాడు కదా?" అన్నాను. నాకు అబద్ధం ఆడ్డం రాదు, ఊరుకోవడం అసలే రాదు.

"ఇతను ఆ కెప్టెన్ తమ్ముడు," అన్నాడు గంభీరంగా. "తప్పులేటున్నాయో నువ్వు చెప్పు. చదువుకున్నదానివి. ఒక్క తప్పు లేకపోతే ఎవడు నవ్వుతాడో సూద్దాం."

నేను బాధ్యతగా తీసుకున్నాను. అదే నా తప్పు. కథ మూడుసార్లు చదివి, నోట్‌బుక్‌లో నలభై మూడు అభ్యంతరాలు రాశాను. అన్నిటికీ ఆయన తలూపాడు. ఖత్రా బోర్డు తీయించాను. టీ తీసేయించాను. ఆరుగురికీ ఒకేసారి సెలవు పడేలా మూడు వారాల షిఫ్టు పట్టీలు ముందేసుకుని తేదీలు చూశాను. అంతరిక్షంలో గాలి ఉండదు కాబట్టి శబ్దం ఉండదని చెప్పి, రాకెట్టు మోత మొత్తం తీయించాను. చావు సీను మాత్రం సైరన్ మోగని రోజు చూసి పెట్టించాను. "నాన్నా, పొట్ట కదలకూడదు. ఊపిరి మెల్లగా తీసుకో" అని పక్కన నిలబడి చెప్పాను. నాన్న ఎంత బాగా చచ్చిపోయాడంటే, ఈగ వాలినా రెప్ప ఆడలేదు.

నాకు లొంగనిది గంగే అనే గోండు ఆవిడ ఒక్కతే. వారపు సంతలో చింతపండు అమ్ముతుంది. మొదటి భాగంలో దారిన పోతూ షూటింగు చూస్తూ నిలబడితే పెదనాన్న ఆకుపచ్చ రంగు పూసి కుజలోకపు రాణిని చేశాడు. ఆవిడ గోండీలో నోటికొచ్చింది అంటే, దాని మీద ఆయన "స్వాగతం, భూలోక వీరులారా" అని తెలుగు గొంతు వేశాడు. గోండీ వచ్చినవాళ్ళకి మాత్రం ఆవిడ "ఎండ మాడుస్తోంది, ఈ ముసలాడు ఇంకెంతసేపు నిలబెడతాడు" అంటున్నట్టు తెలుస్తుంది. ఈసారి నేను వెళ్ళి హిందీలో కథ చెప్పాను: భూలోకం వాళ్ళు ఇనుము కోసం మళ్ళీ వస్తారు, మీ మేలు కోసమే వచ్చాం అంటారు, దానికి రాణి తగిన సమాధానం చెప్పాలి. గంగే చింతపండు ముద్ద చేస్తూనే, "నేనే చెప్పుకుంటాలే" అంది. కెమెరా ముందు ఒక్క వాక్యం అంది, పెళ్ళి ఫొటోకి నిలబడ్డట్టు నిలబడి. నాకు గోండీ రాదు. గంభీరంగా ఉంది కదా అని ఉంచేశాను.

ఆదివారం పొద్దున్న పదిన్నరకి కమ్యూనిటీ హాల్లో ఆట. కిటికీలకి కంబళ్ళు కట్టారు. జగదల్‌పూర్ నుంచి ప్రొజెక్టరు తెచ్చారు. హాలు నిండింది, గోడల వెంట కూడా నిలబడ్డారు. ఎక్కడ చూసినా గిన్నె మూతలే. బంగారినాయుడు ఏకంగా పెళ్ళివంటల అండా మూత పెట్టుకొచ్చాడు. ముందు వరసలో తెల్ల హెల్మెట్ల వాళ్ళు, అంటే ఆఫీసర్లు, మూతలు లేకుండా కూచున్నారు. నాన్న మగవాళ్ళ వైపు, మధ్య దారి పక్కన. అమ్మ, నేను, రమణమ్మ పిన్ని ఇటువైపు. పెదనాన్న వెనక ప్రొజెక్టరు దగ్గర నిలబడ్డాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని.

తెర మీద ‘కుజుడి మీద మళ్ళీ ఆరుగురు’ అని పడింది. చప్పట్లు. ఆ తర్వాత పడింది: ‘శాస్త్రీయ సలహా: కుమారి జి. పైడితల్లి, బి.ఎస్సి.’

నాన్న లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఒక్కడే కొట్టాడు. తర్వాత "బీయెస్సీ! బీయెస్సీ!" అని వెనక నుంచి మొదలుపెట్టారు. నాకు సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది. ఆ ఉదయం సంతోషం అంతవరకే.

వ్యోమగాములు రాకెట్టు ఎక్కారు. హాలు లెక్కపెట్టింది. "ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఐదు..." బంగారినాయుడు గుక్క పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆరోవాడు ఎక్కాడు.

"ఆరుగురూ ఉన్నారేటి?" అని ఎవరో నీరసంగా అన్నారు. బంగారినాయుడు పట్టుకున్న గుక్క మెల్లగా వదిలేశాడు.

పేనలు కనిపించింది. "ఖ..." అన్నారు కొందరు. బోర్డు లేదు. ఆగిపోయారు.

రాకెట్టు అంతరిక్షంలోకి వెళ్ళింది. మోత లేదు. నాలుగు నిమిషాలు నల్లటి తెర మీద రాకెట్టు నిశ్శబ్దంగా పోతూ ఉంది. మొదటి నిమిషం ఓర్చుకున్నారు. రెండో నిమిషంలో ఒక ఎలక్ట్రీషియను లేచి స్పీకరు దగ్గరికి వెళ్ళాడు. మా ఊళ్ళో ముగ్గురు కూచుంటే ఒకడు ఎలక్ట్రీషియను, ఒకడు ఫిట్టరు. మూడో నిమిషానికి స్పీకరు చుట్టూ ఏడుగురున్నారు. ఒకరు టెస్టరు తీశారు. "వైరు ఊడిపోనాది." "వైరు కాదు, ఏంప్లిఫైరు కొట్టీసింది." "ఎవడ్రా ఈ జాయింటు కొట్టినోడు?"

నేను లేవక తప్పలేదు. "స్పీకరు బాగానే ఉందండీ. అంతరిక్షంలో శబ్దం ఉండదు."

హాలంతా నా వైపు తిరిగింది. "అంతరిక్షంలో లేకపోతే పోనీలే," అన్నాడు బంగారినాయుడు, "మన హాల్లో ఉండాలి కదేటమ్మా!"

ఆ రోజు మొదటి పెద్ద నవ్వు అదే. సినిమా మీద కాదు, నా మీద.

కుజుడి మీద దిగాక సినిమా ఇంకా శుద్ధంగా నడిచింది. ఎవరూ టీ తాగలేదు. ఆరుగురూ తేలిగ్గా అడుగులేస్తూ, అక్కడి ఆకర్షణ భూమి మీద దానికంటే ఎందుకు తక్కువో ఒకరికొకరు వివరంగా చెప్పుకున్నారు. ఆ డైలాగులు నావే. నేను తొమ్మిదో తరగతికి చెప్పినప్పుడు పిల్లలు ఎలా కూచుంటారో హాలంతా అలా కూచుంది. కొందరు మూతలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. కొందరు మిరపకాయ బజ్జీలకి బయటికి వెళ్ళారు, ఎంతసేపటికీ రాలేదు. నేను వెనక్కి చూశాను. పెదనాన్న ప్రొజెక్టరు పక్కన కదలకుండా నిలబడి ఉన్నాడు. ఎవరూ నవ్వడం లేదు. ఆయన అడిగింది అదే. కానీ ఆయన మొహం చూస్తే, నవ్వినప్పుడే నయం అనిపించింది.

"ఒలే పైడీ," అంది రమణమ్మ పిన్ని మెల్లగా, జాలిగా, "నవ్వుకోడానికి ఒక్కటీ ఉంచలేదేటే? కూరలో ఉప్పు తీసీసి ఆరోగ్యానికి మంచిదన్నట్టుంది."

అప్పుడు రాణి వచ్చింది. భూలోకం వాళ్ళలో తెల్ల హెల్మెట్ పెట్టుకున్నవాడు ముందుకొచ్చి "మేము మీ మేలు కోసమే వచ్చాము" అన్నాడు. గంగే వాడి కళ్ళలోకి చూసి తన వాక్యం అంది. వెనక వరసలు, సంత వాళ్ళూ చుట్టుపక్కల ఊళ్ళ కూలీలూ కూచున్న వైపు, ఒక్కసారి భళ్ళున నవ్వాయి. ముందు వరసలు అయోమయంగా వెనక్కి తిరిగాయి.

"ఏటందే? ఏటంది?"

రమణమ్మ పిన్నికి క్యాంటీన్ పుణ్యమా అని నాలుగు భాషలు వచ్చు. "పోయినసారొచ్చినోళ్ళూ ఇదే మాటన్నారంట!"

ఇటు కూడా నవ్వారు, కొంచెం ఆలస్యంగా, కొంచెం అటూ ఇటూ చూసుకుని. ముందు వరస తెల్ల హెల్మెట్ల వాళ్ళు పైన తిరుగుతున్న ఫ్యాను చూశారు. గంగే వెనక గోడకి ఆనుకుని, నెత్తి మీద మూతతో, తెర మీద ఎలా ఉందో కింద కూడా అలాగే, చిరునవ్వు లేకుండా కూచుని ఉంది.

ఆ తర్వాత కెప్టెన్ పడిపోయాడు.

హాలు సర్దుకుని కూచుంది. తీసేసిన మూతలు మళ్ళీ నెత్తికెక్కాయి. బయటికి వెళ్ళిన బజ్జీల బ్యాచి పొట్లాలతో సహా లోపలికి వచ్చేసింది. ఇప్పటిదాకా ఓర్చుకున్నది ఈ సీను కోసమే. తెర మీద నాన్న ఎర్రమట్టిలో పడుకుని ఉన్నాడు. ఐదుగురూ టోపీలు తీశారు. రెండోవాడు "కెప్టెన్, నీ త్యాగం..." అని మొదలుపెట్టాడు. అందరూ చెవులు రిక్కించారు.

సైరన్ పడలేదు. రెండోవాడు మాట పూర్తిచేశాడు. మూడోవాడు చెప్పాడు. నాలుగోవాడు కూడా చెప్పేశాడు. గాలికి మట్టి లేచి నాన్న చెంప మీద పడుతోంది.

"సైరనేదీ?" అని ఎవరో అన్నారు.

"బీయెస్సీ తీసీసింది!"

"తీసీస్తే మనకి నోరు లేదేటి?" బంగారినాయుడు అండా మూత సర్దుకుని లేచాడు. మొదలుపెట్టాడు: "ఊఁ... ఊఁఊఁ..." కింది నుంచి పైకి, అచ్చు గని సైరన్ లాగే. పక్కవాడు అందుకున్నాడు. వరస అందుకుంది. హాలు అందుకుంది. రెండు మూడు వందల గొంతులు. కంబళ్ళు కట్టిన హాల్లో ఆ మోత ఎటూ పోలేక గోడలకి కొట్టుకుని తిరిగింది. నోటి సైరన్ అని తెలిసి కూడా నా కాళ్ళు తలుపు వైపు తిరిగాయి.

తెర మీద కెప్టెన్ లేవలేదు.

"లెగు మావా!" అరిచాడు బంగారినాయుడు.

"సైరన్ పడిపోనాది, లెగు!"

"డ్యూటీ దిగీసినావేటి, లెగు!"

లేవలేదు. ఎలా లేస్తాడు? పొట్ట కూడా కదలకూడదని నేనే చెప్పాను. జనం నవ్వుతూ ఇంకా గట్టిగా కూశారు. మనిషి కదలకపోవడం కూడా ఇప్పుడు ఒక వేడుకైపోయింది. ఎంత మోతకి లేస్తాడో చూద్దామని పందెంలా కూస్తున్నారు. మట్టి చెంప మీంచి కంటి దాకా వచ్చింది. కన్ను ఆడలేదు.

నా మోచెయ్యి ఎవరో పట్టుకున్నారు. అమ్మ. ఆ "అమ్మయ్య" కోసం నేను ఎదురుచూస్తున్నానని అప్పుడే నాకు తెలిసింది.

"లెగమను," అంది అమ్మ.

"సినిమా అమ్మా."

"పైడీ, మీ నాన్నని లెగమనవే." తెర వెలుగులో చెంపలు తడిగా మెరిశాయి. "సైరన్ పడింది కదే. ఇంకా అలా పడుకున్నాడేటే. ఎవులైనా లేపండర్రా." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. మెట్ల మీద కూచున్న రెండు గంటల్లో ఏడవనిది అంతా ఇప్పుడు వస్తోంది.

రమణమ్మ పిన్ని కూయడం ఆపేసింది. అమ్మని చూసింది, మగవాళ్ళ వైపు చూసింది. క్యాంటీన్ గొంతుతో, ఆ మోతలోంచి దూసుకుపోయేలా అరిచింది: "ఓ సన్యాసిరావు బావా! లెగవయ్యా! మీ ఆవిడేడుస్తంది!"

నాన్న ఉలిక్కిపడి లేచాడు. దారి దాటి మా వైపు రాబోయి తిన్నగా ప్రొజెక్టరు వెలుగులో పడ్డాడు. తెర మీద పడుకున్న కెప్టెన్ మీంచి పెద్ద నల్లటి నీడ లేచి నిలబడింది.

హాలు ఊగిపోయింది. మూతలు గాల్లోకి ఎగిరాయి.

"ఒలే, ఇక్కడున్నానే!" అన్నాడు నాన్న వెలుగుకి కళ్ళు చికిలిస్తూ. "అదెవుడో కెప్టెన్ తమ్ముడే. నాను కాదు!"

అమ్మ తలెత్తి చూసింది. చెయ్యి ఊపింది, పరిగెత్తమన్నట్టు.

నాన్నకి అర్థమైంది. లేదా ఆ మోతకి కాళ్ళే అర్థం చేసుకున్నాయి. నెత్తి మీది మూత ఒక చేత్తో అదిమి పట్టుకుని, తొమ్మిదేళ్ళ క్రితం ఎలా పరిగెత్తాడో అలాగే, కాకపోతే మోకాలి నొప్పితో కొంచెం పక్కకి ఒరుగుతూ, తలుపు వైపు పరిగెత్తాడు. వెనకాలే బంగారినాయుడు. వాళ్ళ వెనక వరసలు వరసలుగా అందరూ, సైరన్ కూస్తూ, నవ్వుతూ, బజ్జీల పొట్లాలతో, ఎర్ర ఎండలోకి. తెల్ల హెల్మెట్ల వాళ్ళు కాసేపు మర్యాదగా కూచున్నారు. తర్వాత వాళ్ళూ లేచారు, కొంచెం త్వరగానే నడిచారు.

హాల్లో నేను, అమ్మ, వెనక గంగే మిగిలాం. తెర మీద ఆరోవాడు ఇంకా చెబుతున్నాడు. పెదనాన్న ప్రొజెక్టరు వదిలి మెల్లగా మా దగ్గరికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వెనక అంతా తడిసింది. బయటి నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఆయన అటు చూడలేదు.

"పైడితల్లీ," అన్నాడు. "నువ్వు అబద్ధం ఆడవు. ఒక్కరైనా ఏడిశారా?"

నేను అమ్మ వైపు చూపించాను. కారణం చెప్పలేదు. ఆయన అడిగింది కారణం కాదు.

ఆయన వంగి చూశాడు. అమ్మ కొంగు తీసి మొహం తుడుచుకుంది. తుడుచుకుంటుంటే మళ్ళీ వచ్చాయి. పెదనాన్న రెండు చేతులూ జోడించాడు. ఏదో అనబోయాడు గానీ అమ్మ ముందు అందుకుంది.

"ఏటి బావగారూ, బుద్ధుండక్కర్లేదా? పసుపూ కుంకంతో ఉన్నదాన్ని ఎదరెట్టుకుని మనిషిని అలా పడుకోబెడతారా? అంతసేపా? మట్టి కంట్లో పడతంటే తుడిసినోడు లేడు! ఐదుగురు నిలబడి ఉపన్యాసాలేటి!"

"తప్పు చిన్నమ్మీ," అన్నాడు పెదనాన్న. మొహం మాత్రం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోతోంది. "తప్పే. పెద్ద తప్పు."

"రైలెప్పుడు మీకు?"

"నెలాఖరుకి."

"ఇంకా పన్నెండ్రోజులుంది. మూడోది తియ్యండి. చిన్నదైనా ఫర్లేదు. అందులో ఆయన లెగాలి." అమ్మ ముక్కు ఎగబీల్చింది. "లెగుతాడా, లెగడా? ముందు అది సెప్పండి."

"నాదేముంది, చిన్నమ్మీ. బి.ఎస్సి. ఒప్పుకోవాలి కదా."

ఇద్దరూ నా వైపు చూశారు. వెనక గోడ దగ్గర గంగే కూడా చూసింది. నా ఒళ్ళో నలభై మూడు అభ్యంతరాల నోట్‌బుక్కు ఉంది. చచ్చిపోయిన మనిషి సైరన్‌కి లేవడానికి నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆధారం లేదు.

"లేస్తాడు పెదనాన్నా," అన్నాను. "టీ కూడా తాగుతాడు."